ఆటోనగర్ అలైన్‌మెంట్ షాపు: బండి ఒక పక్కకి లాగుతుంటే ముందు ఇక్కడ చూపించండి

విజయవాడ ఆటోనగర్‌లో ఈ షాపుకి 5కి 5 ఇస్తున్నా. బండి రాగానే మిషను మీదికి ఎక్కించెయ్యకుండా అసలు ఎందుకు లాగుతోందో వెతికినవాళ్ళు నాకు వీళ్ళే దొరికారు.

మాది పికప్, ముందు కాయిల్ స్ప్రింగులు, పైనా కిందా ఆర్ములు (చక్రాన్ని ఛాసిస్‌కి కలిపే చేతులు), వెనక కమాన్ కట్టలు. సీజన్లో గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు వేసుకెళ్తాం, మిగతా రోజుల్లో ఏ కిరాయి దొరికితే అది. హైవే ఎక్కి స్పీడు 60 దాటిందంటే ఎడమకి లాగడం మొదలు, బ్రేకు తొక్కితే ఇంకాస్త ఎక్కువ, కాజా టోల్ వచ్చేసరికి భుజాలు పీకేస్తాయి. వేరేచోట అలైన్‌మెంట్ చేయించాం, అంకెలన్నీ ఆకుపచ్చగా, అంటే సరిగ్గా ఉన్నాయని చూపే కాగితం చేతిలో పెట్టారు, స్టీరింగ్ చక్రం అయితే సూటిగా వచ్చింది గానీ లాగుడు ఎక్కడికీ పోలేదు.

ఇక్కడ మేస్త్రి గారు ఆ కాగితం చూసి "ఇందులో టో ఒక్కటే, అంటే చక్రాలు లోపలికో బయటికో ఎంత తిరిగున్నాయో అదొక్కటే కొలిచారు బాబూ, టో తప్పితే టైరు అంచులు తినేస్తది, స్టీరింగ్ వంకరగా నిలబడతది, ఇలా ఎప్పుడూ ఒకే పక్కకి లాగడం దాని పని కాదు" అన్నారు. ముందు రెండు టైర్లకీ గాలి సమానం చేసి, పక్కన కూర్చుని నన్నే నడపమన్నారు. మన రోడ్లు నీళ్ళు పోవడానికి ఎడమ వైపుకి వాలుగా వేస్తారు కాబట్టి కాస్త ఎడమకి పోవడం మామూలే అంట, అందుకని చదునుగా ఉన్న జాగాలో కూడా వదిలి చూశారు, అక్కడా లాగింది. దిగీదిగగానే రెండు ముందు రిమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి వేడి చూశారు. ఒకవైపు కాలిపర్ (బ్రేకు డిస్కుని నొక్కే భాగం) పిన్ను పట్టేసి బ్రేకు రాసుకుంటుంటే ఆ పక్క రిమ్ము బాగా వేడెక్కుతుంది, బండి కూడా ఆ పక్కకే పోతుంది. మాది రెండు పక్కలా ఒకేలా ఉంది. తర్వాత ముందు టైర్లు కుడిది ఎడమకి ఎడమది కుడికి మార్చి మళ్ళీ తిప్పారు. లాగుడు పక్క మారితే టైరుదే తప్పు, అలైన్‌మెంట్‌కి డబ్బులు పెట్టి లాభం లేదు. మాకు మారలేదు, ఎడమకే లాగింది. ఈ టైర్ల మార్పిడి జాకీ ఉన్న ఎవరైనా ఇంటి దగ్గరే చేసుకోవచ్చు, ముందు అది చేసుకుని రండి.

వెనక కూడా వదల్లేదు. కట్టల సెంటర్ బోల్టు తెగితే యాక్సిల్ ఒకవైపు జరిగిపోయి బండి ఏటవాలుగా నడుస్తుందని, ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి టేపు పెట్టి రెండు పక్కలా కొలిచారు. సమానంగానే ఉంది.

అసలు దొంగ దొరికింది ఎడమ కింది ఆర్ము దగ్గర. చక్రం పైనా కిందా పట్టుకుని ఊపితే బాల్ జాయింట్ గట్టిగానే ఉంది, పక్కలు పట్టుకుని ఊపితే టై రాడ్ ఎండ్ కూడా ఆట లేదు. అప్పుడు ఆర్ముకీ ఛాసిస్‌కీ మధ్య రాడ్డు దూర్చి నెమ్మదిగా ఎత్తితే ఆర్ము వెనక బుష్షు (ఆర్ము ఛాసిస్‌కి తగిలే చోట ఉండే రబ్బరు గొట్టం) రబ్బరు సగానికి చీలి నోరు తెరిచింది, టార్చి వేసి నాకు చూపించారు. బుష్షు పోతే చక్రం కొంచెం వెనక్కి జరుగుతుంది, ఆ పక్క క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) తగ్గిపోతుంది, క్యాస్టర్ తక్కువున్న పక్కకే బండి లాగుతుంది, బ్రేకు కొడితే చక్రం ఇంకా వెనక్కి పోతుంది కాబట్టి లాగుడు ఇంకా పెరుగుతుంది. మా బండి చేసేది అచ్చం ఇదే! మిషను మీద పెట్టి చూస్తే క్యాస్టర్ ఎడమకీ కుడికీ ఒక డిగ్రీ పైనే తేడా వచ్చింది.

కామ్ బోల్టు (తిప్పితే ఆర్ము అటూ ఇటూ జరిగే బోల్టు) తుప్పుతో పట్టేసి ఉంటే అరగంట పైనే దాంతో కుస్తీ పట్టారు, నూనె కొట్టి, వేడి చేసి, చివరికి ఊడదీశారు గానీ ఆర్ముకి ఒక్క సుత్తి దెబ్బ తగలనివ్వలేదు. కొత్త బుష్షు ప్రెస్ మీద ఎక్కించి, చక్రాలు నేల మీద ఆని బండి బరువు పడ్డాకే బోల్టు ఫైనల్‌గా బిగించారు. గాల్లో ఉండగానే బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరిగిపోతుంది, చాలామంది ఇదే పట్టించుకోరు. ఆ తర్వాత క్యాస్టర్, క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో వాలిన కోణం), చివర్లో టో సరిచేశారు. మొదటిదీ తర్వాతదీ రెండు కాగితాలూ ఇచ్చారు. అలైన్‌మెంట్‌కి 900, బుష్షు, ప్రెస్ పని విడిగా, పాత బుష్షు కూడా చేతికిచ్చారు.

అశోక్ లేలాండ్ దోస్త్, టాటా ఇంట్రా లాంటి ముందు కూడా కట్టలున్న బండ్లకి పద్ధతి వేరు, వాటికి ముందు కింగ్ పిన్నులు (ముందు చక్రాలు పక్కకి తిరిగే ఇరుసు పిన్నులు) చూస్తారు, క్యాస్టర్ సరిచెయ్యాలంటే కట్టకీ యాక్సిల్‌కీ మధ్య వాలు ముక్క పెడతారు. నేనున్నప్పుడు ఒక దోస్త్ వస్తే అతనికీ ఇంతే ఓపిగ్గా చెప్పారు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. కూర్చోడానికి నీడ లేదు, పదకొండు దాటితే లైను పెరిగిపోతుంది, ఫోన్ చేస్తే ఎత్తరు. పొద్దున్నే వెళ్ళండి, లోడు దించేసి వెళ్ళండి, మామూలుగా ఎంత బరువు వేస్తారో అడుగుతారు, ఉన్నదున్నట్టు చెప్పండి.