పాత స్టీల్ రోడ్ సైకిల్ కొంటున్నారా? కొత్తగా పెయింటు వేసింది మాత్రం వద్దు

న్యూజెర్సీ వైపు పాత స్టీల్ రోడ్ సైకిల్ కోసం వెతుకుతున్న మనవాళ్ళందరూ, ముఖ్యంగా ఈ సమ్మర్‌కి ఒకటి కొని బాగుచేసుకుందాం అనుకునేవాళ్ళు, ఇది చివరిదాకా చదవండి ప్లీజ్. "ఫుల్లీ రీస్టోర్డ్" అని అమ్మకానికి పెట్టిన 1970ల ప్యూజో, అంటే ఫ్రెంచ్ కంపెనీ సైకిల్, ఒకటి 400 డాలర్లకి కొన్నా. పీఎక్స్-10 అని చెప్పి అమ్మాడు. అది పీఎక్స్-10 కాదు, పైగా ఒకసారి గట్టిగా గుద్దుకున్న ఫ్రేము, అది కనపడకుండా రంగేశారు.

తెలియనివాళ్ళ కోసం, ప్యూజోలో పీఎక్స్-10 అంటే వాళ్ళ రేసింగ్ మోడల్, రెనాల్డ్స్ 531 అనే మంచి రకం స్టీల్ ట్యూబులతో చేసింది, తేలిగ్గా ఉంటది, ఇప్పటికీ మంచి రేటు పలుకుతది. యూఓ-8 అంటే మామూలు స్టీలు ట్యూబులతో చేసిన చవక మోడల్, 70ల మొదట్లో అమెరికాలో అందరూ సైకిళ్ళ మీద పడ్డ టైంలో ఇక్కడ కుప్పలు కుప్పలుగా అమ్ముడుపోయింది, అందుకే ఇప్పటికీ గరాజ్ సేల్స్‌లో కనపడుతూనే ఉంటది. యూఓ-8ని తీసిపారెయ్యట్లేదు, దాని మాఫాక్ కంపెనీ బ్రేకులకి కొత్త ప్యాడ్లు వేస్తే ఈరోజుకీ బ్రహ్మాండంగా పట్టుకుంటాయి, కానీ దాని రేటు దానికుంది కదా. నాకు అంటగట్టింది యూఓ-8 ఫ్రేముకి తెల్ల రంగేసి, హెడ్ ట్యూబ్ (ముందు ఫోర్కు దూరే ట్యూబు) దగ్గర లగ్గులకి, అంటే ట్యూబుల్ని కలిపే జాయింట్లకి, పీఎక్స్-10లో లాగా నలుపు వేసి, మీద 531 స్టిక్కర్ అంటించింది. ఆ స్టిక్కర్లు ఆన్‌లైన్‌లో ఎవరికైనా దొరుకుతాయి, నిజాయితీగా బాగుచేసుకునేవాళ్ళ కోసం అమ్ముతారు, కాబట్టి స్టిక్కర్ చూసి ఏ సైకిలూ కొనకండి.

విషయం బయటపడింది సీటు దగ్గర. సీటు కొంచెం పైకి లేపుదామంటే సీట్ పోస్ట్ (సీటు కింద ఫ్రేములోకి దిగే రాడ్డు) కదల్లేదు, ఆయిల్ కొట్టి రాత్రంతా ఉంచినా కదల్లేదు, సరే అని మా ఊళ్ళో వాలంటీర్లు నడిపే సైకిల్ వర్క్‌షాప్‌కి తీసుకెళ్ళా. అక్కడ ఒక పెద్దాయన చెయ్యి కూడా పెట్టకుండా ముందు కాలిపర్ (మందం కొలిచే పరికరం) తీసి సీట్ పోస్ట్ కొలిచాడు, 24 మిల్లీమీటర్లు. అంతే, ఇది పీఎక్స్-10 కాదు అనేశాడు. లాజిక్ సింపుల్: మంచి స్టీలైతే ట్యూబు గోడ పల్చగా చేస్తారు, గోడ పల్చగా ఉంటే లోపల రంధ్రం పెద్దది, దాంతో పోస్ట్ కూడా లావుది పడుతుంది. పీఎక్స్-10లో మామూలుగా 26.4 ఉంటది. ఫ్రెంచివి కాని పాత సైకిళ్ళలో అయితే 27.2 కనపడితే మంచి ట్యూబులు అనుకోవచ్చు, 25.4 అంటే చవక ఫ్రేము. చాలా పోస్టుల మీద ఈ నంబరు పంచ్ చేసే ఉంటది, కాస్త పైకి లాగితే కనపడుతుంది. ఇక్కడ కదలనే కదలదు కాబట్టి నంబరు చూసే ఛాన్సే లేదు.

తర్వాత ఆయన ఫ్రిజ్‌కి అంటించే చిన్న మాగ్నెట్ తీసుకుని డౌన్ ట్యూబ్ (హెడ్ ట్యూబ్ నుంచి పెడల్స్ వైపు దిగే ట్యూబు) కింద వైపు, హెడ్ లగ్గుకి రెండు వేళ్ళ దూరంలో పెట్టాడు. జారి కింద పడిపోయింది. రెండంగుళాలు కిందకి జరిపి పెడితే టక్కున అతుక్కుంది. ఆ జారిన చోట గోరుతో గీకితే పెయింటు పొరలా లేచి, కింద గులాబీ రంగు పుట్టీ పొడిపొడిగా రాలింది, ఇంకాస్త గీకితే ట్యూబు అడ్డంగా ముడత పడి వేలికి స్పష్టంగా తగులుతోంది. ఎదురుగా దేన్నైనా గుద్దితే పాత స్టీల్ ఫ్రేములు ముడత పడేది సరిగ్గా అక్కడే. దాన్ని నొక్కి పుట్టీతో నింపి రంగేసి మనుషులకి అమ్ముతున్నారు, దిగుడు రోడ్డులో ఆ ఫ్రేము మన బరువుతో ఇంకా వంగితే ఏమవుద్దో మీరే ఆలోచించుకోండి. డబ్బులు పోతే పోయాయి, నన్ను నిజంగా భయపెట్టింది ఇదే.

ఫ్రేము బాగుండి ఉన్నా ఖర్చు తక్కువేం కాదు, అదీ చెప్తా. అప్పటి ఫ్రెంచ్ సైకిళ్ళలో కొలతలన్నీ వేరే. బాటమ్ బ్రాకెట్ (పెడల్స్ ఇరుసు తిరిగే చోటు) 35 మిల్లీమీటర్ల థ్రెడ్, రెండు వైపులా కుడి మరే, అందుకే దాన్ని పట్టి ఉంచే కుడి కప్పు దానంతటదే లూజవుతూ ఉంటది, ఇంగ్లీష్ వాటిల్లో అయితే కుడి వైపు ఎడమ మర ఉంటది. హ్యాండిల్ స్టెమ్ (హ్యాండిల్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే రాడ్డు) 22.0, మామూలుగా దొరికేవి 22.2, దిగవు. పెడల్ థ్రెడ్ కూడా వేరే. ఏది పోయినా పక్క షాపులో దొరకదు, తెప్పించుకోవాలి. ఫ్రెంచ్ సైకిళ్ళ లెక్కలు తెలుసుకోవాలంటే షెల్డన్ బ్రౌన్ రాసినవి చదవండి, మసాచుసెట్స్‌లో మెకానిక్, 2008లో పోయారు, ఆయన రాసినవి ఇప్పటికీ ఫ్రీగా ఉన్నాయి, ఆయన పుణ్యమా అని ఎంతమంది డబ్బులు మిగిలాయో.

చక్రాలు కూడా చూడండి. ఈ పాత సైకిళ్ళవి చాలావరకు 27 అంగుళాలవి, ఇప్పుడు వాడే 700సీ సైజు కంటే కొంచెం పెద్దవి, రిమ్ము వ్యాసం వీటిది 630 మిల్లీమీటర్లు, 700సీది 622. చక్రాలు మారిస్తే బ్రేక్ ప్యాడ్లు 4 మిల్లీమీటర్లు కిందకి దిగాలి, బ్రేకులో అంత సందు ఉందో లేదో ముందే చూసుకోవాలి. స్టీలు రిమ్ములైతే వానలో బ్రేకు దాదాపు పట్టదు, అవి ఎలాగూ మార్చాల్సిందే. టైర్లు, ట్యూబులు, కేబుళ్ళు, ప్యాడ్లు, చైను, గ్రీజు అన్నీ కలిపి, పని మొత్తం మనమే చేసుకున్నా నూటయాభై డాలర్లు ఈజీగా దాటుతుంది.

అందుకే నేను చెప్పేది ఒక్కటే, దుమ్ముపట్టి, గీతలుపడి, అక్కడక్కడ పెయింటు లేచినా సరే ఒరిజినల్ రంగు ఉన్న సైకిలే కొనండి. ఒరిజినల్ పెయింటు ఉంటే ఫ్రేము వంగినచోట అది పగిలి గీతలా కనపడుతుంది, తుప్పు ఎక్కడుందో కనపడుతుంది. పైపైన తుప్పు పర్లేదు, రుద్దితే పోతుంది. ఇక్కడ వింటర్‌లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి లోపల తుప్పు భయం ఎక్కువ, సీట్ పోస్ట్ తీయించి ఫోన్ టార్చ్ వేసి కిందదాకా చూడండి. పోస్ట్, స్టెమ్ మీ ముందే కదిపి చూపించమనండి, కదలకపోతే వదిలెయ్యండి. పక్కనుంచి నిలబడి చూస్తే హెడ్ ట్యూబ్, ఫోర్కు పైభాగం ఒకే గీతలో ఉండాలి, ఫోర్కు వెనక్కి తోసినట్టుంటే ఇంక బేరం కూడా ఆడొద్దు. మొదటిసారి కొనేవాళ్ళైతే ఫ్రెంచ్ జోలికి పోకుండా 80ల జపాన్ సైకిళ్ళు చూడండి, మియాటా, పానాసోనిక్ లాంటివి, క్రోమోలీ (మంచి రకం స్టీల్) ఫ్రేములు దొరుకుతాయి, పార్టులకి వెతుక్కోనక్కర్లేదు.

నాకు అమ్మినవాడికి ఫోటోలతో సహా మెసేజ్ పెడితే "చూసుకునే కదా తీసుకున్నారు" అని ఒక్క ముక్క అని బ్లాక్ చేశాడు. ఇప్పుడు, నా సైకిల్ ఫోటోల్లో కనపడ్డ అదే గరాజ్ ఫ్లోర్ మీద పెట్టి ఒక ర్యాలీ అమ్మకానికి పెట్టారు, వేరే పేరుతో, అదే మెరుపు, అదే 531 స్టిక్కర్. ఇండియాలో నాన్నలు, తాతలు తొక్కిన ర్యాలీ పేరు చూడగానే మనవాళ్ళకి మనసు లాగుతుంది, నాకు తెలుసు, దయచేసి ఆగండి. ఇంగ్లాండ్‌లోని నాటింగ్‌హామ్‌లో చేసిన చవక ర్యాలీల్లో కూడా బాటమ్ బ్రాకెట్ థ్రెడ్ వాళ్ళ సొంతది, అంగుళానికి 26 మరలు, మామూలుగా దొరికే 24 మరల కప్పులు ఎక్కవు. పెయింటు వేయకముందు తీసిన ఫోటోలు అడగండి, నిజంగా బాగుచేసినవాడి దగ్గర అవి కచ్చితంగా ఉంటాయి, వాళ్ళకి అవి చూపించుకోడమే ఇష్టం.

ఎడిసన్, పిస్కాటవే చుట్టుపక్కల ఎవరైనా సైకిల్ చూడ్డానికి వెళ్తుంటే ముందు ఒక కామెంట్ పెట్టండి, శనివారం పొద్దున అయితే మాగ్నెట్, కాలిపర్ తీసుకుని నేనూ వస్తా.