చిన్న చేతులకు ముప్పావు గిటారా, కాపో పెట్టిన పెద్ద గిటారా?

చిన్న చేతులున్నవారు సి కార్డ్ (కలిసి మోగే స్వరాల పట్టు) పట్టినప్పుడు చూపుడు వేలు రెండవ తీగపై మొదటి ఫ్రెట్‌లోను (మెడపై లోహపు పట్టీల మధ్య గడిలోను), ఉంగరపు వేలు ఐదవ తీగపై మూడవ ఫ్రెట్‌లోను నిలవాలి గనుక, ఆ సాగుడులో వేళ్లు వాలిపోయి పక్క తీగకు తగిలి స్వరం మూగబోతుంది. దీనికి ముప్పావు సైజు గిటారు కొనడం ఒక మార్గం. ఉన్న గిటారుకే రెండవ ఫ్రెట్ వద్ద కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే పరికరం) బిగించడం మరొకటి.

పూర్తి సైజు గిటారులో నట్ (మెడ పైకొనన తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జ్ (పొట్టపై తీగలు ఆనే పట్టీ) వరకు తీగ పొడవు సుమారు 650 మిల్లీమీటర్లు, ముప్పావు గిటారులో దాదాపు 580. రెండవ ఫ్రెట్‌లో కాపో పెడితే మిగిలేది కూడా 579 మిల్లీమీటర్లే. అంటే వేళ్ల మధ్య సాగవలసిన దూరం రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే. పైగా నట్ వద్ద తీగలు ఎత్తుగా ఉన్న చవక గిటారులో కాపో వల్ల నొక్కడమూ తేలికవుతుంది. అయితే సి పట్టు డి గా పలుకుతుంది కనుక, ఆ శ్రుతి పాడేవారి గొంతుకు నప్పాలి.

ముప్పావు గిటారులో ఈ చిక్కు లేదు. తీగల బిగువు తక్కువైనందున నొప్పీ తక్కువే గాని, గట్టిగా నొక్కితే శ్రుతి పైకి జారుతుంది. ఎనిమిదేళ్ల పిల్లలకు మాత్రం ఇదే మేలు, ఎందుకంటే పెద్ద గిటారు పొట్ట మీదుగా కుడిచేయి వేయడంలోని ఇబ్బందిని కాపో తీర్చలేదు. పెద్దవారికైతే నేను ముందు కాపోనే సూచిస్తాను. వారి గిటారు 52 మిల్లీమీటర్ల వెడల్పు నట్ ఉన్న క్లాసికల్ రకమైతే, సుమారు 43 మిల్లీమీటర్ల వెడల్పు నట్ ఉన్న స్టీలు తీగల గిటారును కూడా ఒకసారి పట్టి చూడమంటాను.