క్లినిక్ మూతపడితే బీపీ మెషిన్ ఎంతవరకు ఆదుకుంటుంది?

కోవిడ్ రోజుల్లో, 2020 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 155 దేశాల్లో సర్వే చేస్తే, వాటిలో 53 శాతం చోట్ల బీపీ వైద్యం పూర్తిగానో కొంతమేరకో ఆగిపోయిందని తేలింది. షుగర్ వైద్యం 49 శాతం చోట్ల. అప్పుడు డాక్టర్ ఫోన్లో దొరికినా, చేతిలో రీడింగ్ లేకపోతే పాత మందులే మళ్లీ రాయడం తప్ప దారి ఉండదు. ఆ లోటు తీర్చడానికి ఇంట్లో వాడే డిజిటల్ బీపీ మెషిన్ బాగానే పనికొస్తుంది, సరైనది కొని సరిగ్గా వాడితే.

మణికట్టుకు కట్టే రకం వద్దు. చెయ్యి కాస్త కిందికి జారినా అంకె మారిపోతుంది. దండచేతికి పట్టీ చుట్టే రకమే తీసుకోండి. బ్లూటూత్, యాప్ లాంటివి ఉంటే ఉండనీయండి, ముందు చూడాల్సింది పట్టీ సైజు. మోచేతికీ భుజానికీ నడిమధ్య టేపు చుట్టి కొలవండి. పెట్టెలో సాధారణంగా వచ్చే పట్టీ 22–32 సెం.మీ. చేతికి సరిపోతుంది. 36 సెం.మీ. చేతికి అదే బిగిస్తే బీపీ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. మామూలప్పుడైతే క్లినిక్‌లో మళ్లీ చూసి సరిచేసేవాళ్లు. ఫోన్లో అలా కుదరదు. తప్పుడు అంకెను నమ్మి డోసు పెంచితే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి, పెద్ద వయసు వాళ్లు పడిపోతారు కూడా.

కాఫీ, సిగరెట్, నడక అయ్యాక అరగంట ఆగాలి. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. పట్టీ ఒంటి మీదే కట్టాలి, చొక్కా చెయ్యి మీద కాదు. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. పది సెంటీమీటర్లు కిందికి వేలాడితే 7–8 పాయింట్లు ఎక్కువ వస్తుంది. కొలిచేటప్పుడు మాట్లాడకూడదు (ఇంట్లోవాళ్లకు ఇదే అన్నిటికన్నా కష్టం).

పొద్దున మాత్ర వేసుకోకముందు రెండుసార్లు, రాత్రి రెండుసార్లు, మధ్యలో ఒక్క నిమిషం విరామంతో ఏడు రోజులు చూడండి. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు డాక్టర్‌కు చెప్పండి. ఇంటి కొలతలో 135/85 దాటితే ఎక్కువ కింద లెక్క, క్లినిక్‌లో ఆ హద్దు 140/90. 180/120 దాటి ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒకవైపు పట్టు తప్పడం ఉంటే ఫోన్ కన్సల్టేషన్ కోసం చూడకుండా అత్యవసర విభాగానికే వెళ్లాలి.

మాటిమాటికీ ఎర్రర్ వస్తుంటే గొట్టం పగులు, బ్యాటరీ చూడండి. గుండె లయ తప్పినవాళ్లకు ఒక్క రీడింగ్‌ను నమ్మలేం, కనీసం మూడు తీయాలి.

ఇక మెషిన్‌కు చేతకానివి: టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్, స్పైరనోలాక్టోన్ లాంటి బీపీ మందులు వాడేవాళ్లకు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది), పొటాషియం రక్తపరీక్షలు కావాలి. పొటాషియం ప్రమాదకరంగా పెరిగినా బీపీ చక్కగానే కనిపించవచ్చు. 2020 మార్చిలో ఈ మందుల్లో కొన్ని కోవిడ్‌ను ముదురుస్తాయన్న భయం పాకితే, ఆపొద్దని యూరోపియన్ హృద్రోగ నిపుణుల సంఘం చెప్పాల్సి వచ్చింది. రీడింగ్ బాగుందని సొంతంగా మాత్రలు మానేయడం కూడా అంతే తప్పు, అది బాగున్నది ఆ మాత్రల వల్లే. క్లినిక్ మూసినా ల్యాబ్ తెరిచి ఉంటే, ఆ రక్తపరీక్షలు ఎప్పుడు చేయించాలో ఫోన్ పెట్టేసేలోపే డాక్టర్‌ను అడగండి.