హైక్ అడగాలా, ఆఫర్ తెచ్చుకోవాలా, కౌంటర్ ఆఫర్ తీసుకోవాలా: ఏది మేలు?

హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం చేసేవాళ్లకి జీతం పెంచుకోవడానికి మూడు దార్లున్నాయి. ఉన్న కంపెనీలోనే హైక్, అంటే జీతం పెంపు, అడగడం ఒకటి. బయట ఆఫర్ తెచ్చుకుని వెళ్లిపోవడం రెండోది. ఆ ఆఫర్ మేనేజర్‌కి చూపించి, అంతే ఇస్తామంటే ఉండిపోవడం, అదే కౌంటర్ ఆఫర్, మూడోది. మాదాపూర్‌లో టీ బండి దగ్గర ఎవర్నడిగినా రెండోదే మేలంటారు. చాలాసార్లు అది నిజమే. అయితే ఆఫర్ లెటర్‌లో పైన కనిపించే ఒక్క అంకె చూసి మురిసిపోయేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. నా బాధంతా దాని గురించే.

ముందు ఉన్న చోట అడగడం సంగతి చూద్దాం. ఇందులో అసలు విషయం టైమింగ్. ఏప్రిల్‌లో హైకులిచ్చే కంపెనీలో ఎవరికెంత అన్నది ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే దాదాపు తేలిపోతుంది. లెటర్ చేతికొచ్చాక అడిగితే మేనేజర్ సానుభూతి చూపించగలడు, అంతే. అందుకే జనవరిలోనే కూర్చుని మాట్లాడాలి. మాట్లాడేటప్పుడు ఇంటి ఈఎంఐ, పిల్లల స్కూల్ ఫీజు ఎత్తకండి. అవి మనకు కారణాలు, కంపెనీకి కావు. ఏ మాడ్యూల్ ఒంటిచేత్తో నడిపారు, ప్రొడక్షన్‌లో ఏ సమస్య అర్ధరాత్రి తీర్చారు, క్లయింట్ ఏ మెయిల్‌లో మెచ్చుకున్నాడు, కొత్తగా చేరిన ఎంతమందికి పని నేర్పారు, ఇవి చెప్పాలి. ఒక పేజీలో రాసి ముందే పంపితే ఇంకా మంచిది. మేనేజర్ కూడా పైన ఎవరికో మన గురించి చెప్పుకోవాలి కదా, ఆ పేజీ అప్పుడు పనికొస్తుంది.

కంపెనీని బట్టి ఫలితం మారుతుంది. వేరే కంపెనీల పని చేసిపెట్టే సర్వీస్ కంపెనీలో హైక్ శాతం రేటింగ్‌ని బట్టి, ప్రాజెక్ట్ బిల్లింగ్‌ని (క్లయింట్ కట్టే డబ్బుని) బట్టి పైనే నిర్ణయమవుతుంది. అక్కడ డబ్బు కంటే ప్రమోషన్ నామినేషన్, మంచి ప్రాజెక్ట్, ఆన్‌సైట్ (విదేశంలో క్లయింట్ దగ్గర పని) అడగడం మేలు, ఎందుకంటే మేనేజర్ చేతిలో నిజంగా ఉండేవి అవే. సొంత సాఫ్ట్‌వేర్ తయారుచేసి అమ్మే ప్రొడక్ట్ కంపెనీల్లో, విదేశీ సంస్థలు ఇక్కడ పెట్టిన కేపబిలిటీ సెంటర్లలో మేనేజర్‌కి కొంచెం ఎక్కువ వెసులుబాటు ఉంటుంది. ఏటా పనితీరు చూసి జీతం పెంచే అప్రైజల్‌తో సంబంధం లేకుండా మధ్యలో జీతం సవరించడం, అదనంగా షేర్లు ఇప్పించడం అక్కడ జరుగుతాయి. ఎక్కడైనా సరే, అడగడం తప్పు కాదు. ‘ఉద్యోగం ఇచ్చారు, అదే పదివేలు’ అనుకుని ఏళ్ల తరబడి నోరు మెదపని పిల్లల్ని చూస్తే మనసు చివుక్కుమంటుంది. పెద్ద సర్వీస్ కంపెనీల్లో ఫ్రెషర్ ప్యాకేజీ ఎన్నో ఏళ్లుగా మూడున్నర లక్షల దగ్గరే తిరుగుతోంది. అక్కడ మొదలైనవాళ్లు అడక్కపోతే ఎప్పటికి పైకొస్తారు?

ఇక బయటి ఆఫర్. ఒక్కసారిగా పెద్ద పెరుగుదల కావాలంటే దారి ఇదే, సందేహం లేదు. కానీ లెక్క జాగ్రత్తగా చూడాలి. ఉదాహరణకి ఒకరికి ఇప్పుడు 14 లక్షల సీటీసీ, అంటే కంపెనీ ఆ ఉద్యోగి మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు, అనుకుందాం. అందులో పనితీరుని బట్టి ఇచ్చే వేరియబుల్ 70,000. కంపెనీ కట్టే పీఎఫ్ నెలకు కనీస మొత్తమైన 1,800 చొప్పున ఏడాదికి 21,600. బేసిక్ (మూల వేతనం) 7 లక్షలు కాబట్టి 4.81 శాతం చొప్పున గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే సొమ్ము, కింద చూపించేది 33,670. ఇవన్నీ తీసేస్తే ఏడాదికి మిగిలే గ్రాస్ జీతం (మన పీఎఫ్, పన్ను కోతలకు ముందు) 12,74,730.

ఇప్పుడు 18 లక్షల ఆఫర్ వచ్చిందనుకుందాం. ఇంట్లో స్వీట్లు పంచేస్తారు. వేరియబుల్ 15 శాతం, అంటే 2,70,000. జాయినింగ్ బోనస్ 1,00,000 కూడా అందులోనే కలిపారు. బేసిక్ 9 లక్షల మీద పూర్తి 12 శాతం పీఎఫ్, అంటే 1,08,000. గ్రాట్యుటీ 43,290. ఇవి తీసేస్తే మిగిలేది 12,78,710. నాలుగు లక్షల పెరుగుదల నెలవారీ గ్రాస్‌లోకొచ్చేసరికి సుమారు 330 రూపాయలైంది. పైగా పీఎఫ్‌లో మన వాటా కూడా అంతే పెరుగుతుంది కాబట్టి, నెలకు 7,200 అదనంగా కోత పడుతుంది. అంటే చేతికొచ్చేది తగ్గింది. పీఎఫ్ డబ్బు ఎక్కడికీ పోదు, అది మనదే. వేరియబుల్ కూడా పూర్తిగా ఇస్తే లాభమే. కానీ కూకట్‌పల్లిలో అద్దె కట్టేది ఒకటో తారీఖున అకౌంట్‌లో పడ్డ డబ్బుతోనే.

కాబట్టి హెచ్ఆర్ ‘మీ ఎక్స్‌పెక్టేషన్ ఎంత?’ అన్నప్పుడు సీటీసీ అంకె చెప్పొద్దు, వేరియబుల్ కాని ఖాయమైన జీతం, అంటే ఫిక్స్‌డ్, చెప్పండి. ‘ఫిక్స్‌డ్ ఇంత కావాలండీ, జాయినింగ్ బోనస్ దానికి అదనంగా’ అనండి. వేరియబుల్ కిందటి రెండేళ్లలో నిజంగా ఎంత శాతం చెల్లించారో అడగండి. జాయినింగ్ బోనస్ ఏడాదిలోపు మానేస్తే వెనక్కి కట్టాలా, కడితే ఎంత అన్నది చదవండి. పీఎఫ్ కనీస మొత్తానికే పరిమితం చేసుకునే వీలు కొన్ని కంపెనీలు చేరేటప్పుడే ఇస్తాయి, అప్పుడే తేల్చుకోవాలి. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపు లేదు, కాబట్టి హెచ్ఆర్ఏ ఎక్కువ చూపించారని సంతోషించాల్సిన పనిలేదు. దాని బదులు కంపెనీ తరఫున ఎన్‌పీఎస్ (జాతీయ పెన్షన్ పథకం) కట్టించమని అడగొచ్చు. బేసిక్‌లో 14 శాతం దాకా అది కొత్త విధానంలోనూ పన్ను లెక్క నుంచి పోతుంది. అందులో ఎక్కువ భాగం చాలా ఏళ్ల దాకా చేతికి రాదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

మూడోది, కౌంటర్ ఆఫర్. నేను దీన్ని సాధారణంగా వద్దంటాను. మనం నోటీస్ ఇచ్చాక కంపెనీకి ముందు కావలసింది ప్రాజెక్ట్ ఆగకుండా చూసుకోవడం. మూడు నెలల నోటీస్ పీరియడ్ చేతిలో ఉన్నా మన స్థానంలో మనిషి దొరకడం కష్టమైతేనే జీతం పెంచుతామంటారు. పెంచిన కొన్నాళ్లకి మనిషి దొరికితే మన బలం పోతుంది. వచ్చే ఏప్రిల్‌లో ‘మొన్నే కదా పెంచాం’ అన్న మాట రావడం ఖాయం. ఇంకోవైపు, ఆఫర్ ఇచ్చిన కంపెనీ చివరి నిమిషంలో కాదన్నందుకు మన పేరు గుర్తుపెట్టుకుంటుంది. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఐటీ ప్రాంతాలు పెద్దగా కనిపించినా హెచ్ఆర్‌లు, మేనేజర్లు అటూ ఇటూ మారుతూనే ఉంటారు. ఒక్క సందర్భంలో మాత్రం కౌంటర్ ఆఫర్ ఆలోచించదగ్గది: మీరు ముందే అడిగి ఉండి, మేనేజర్ మీ కోసం నిజంగా కొట్లాడి, బడ్జెట్ లేక ఆగిపోయి ఉంటే. అప్పుడైనా నోటి మాట కాదు, సవరించిన జీతం లెటర్ మీ చేతికి రావాలి.

జీతం అంకెలకి అందని రెండు విషయాలు ఈ పోలికను తారుమారు చేయగలవు. ఒకటి అమ్మానాన్నల ఇన్సూరెన్స్. షుగర్, బీపీ ఉన్న పెద్దవాళ్లకి బయట పాలసీ తీసుకుంటే పాత జబ్బులకి సాధారణంగా కొన్నేళ్లు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. కంపెనీ గ్రూప్ పాలసీలో చాలాచోట్ల మొదటి రోజు నుంచే కవరవుతాయి. కొత్త కంపెనీ తల్లిదండ్రుల్ని చేర్చుకోనివ్వకపోయినా, ప్రీమియం మొత్తం మన మీదే వేసినా, ఆ తేడా జీతంలో అడిగి తీసుకోవాలి. రెండోది గ్రాట్యుటీ. రెగ్యులర్ ఉద్యోగికి అయిదేళ్ల సర్వీస్ నిండితే వస్తుంది. చివరి బేసిక్ నెలకు 50,000 ఉంటే అయిదేళ్లకి వచ్చేది సుమారు 1,44,000. నాలుగున్నరేళ్ల దగ్గరున్నవాళ్లు ఆ సంగతి కొత్త హెచ్ఆర్‌కి చెప్పి, జాయినింగ్ డేట్ కొంచెం వెనక్కి జరపమని గానీ, ఆ నష్టం జాయినింగ్ బోనస్‌లో సర్దమని గానీ అడగొచ్చు. ఆఫీస్‌కి వారంలో ఎన్ని రోజులు రావాలన్నదీ ఇలాంటిదే. నగరంలో ఒక చివరనున్న ఎల్బీ నగర్ నుంచి ఇంకో చివరనున్న ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి రోజూ వెళ్లేవాళ్లకి దాని విలువ వేరే చెప్పక్కర్లేదు.

నా సలహా అడిగితే, మూడు నాలుగేళ్ల అనుభవంతో ఇంకా మొదటి కంపెనీలోనే ఉండి, మార్కెట్ కంటే బాగా తక్కువ తీసుకుంటున్నవాళ్లకి బయటి ఆఫరే మేలు. ఫిక్స్‌డ్ మీద కనీసం మూడో వంతు పెరిగితేనే కదలండి. పని నచ్చి, మేనేజర్ మంచివాడై, తేడా పది పదిహేను శాతమే అయితే ముందు జనవరిలో ఒకసారి గట్టిగా అడిగి చూడండి. వచ్చిన జవాబుని బట్టి రెజ్యూమే ఏప్రిల్‌లో తీయాలో వద్దో తెలుస్తుంది.