రాతి శిల్పానికి ఏది మేలు: వెండి పలకా, కాగితపు నెగెటివా?

1850లో ఫ్రెంచ్ దౌత్యవేత్త బారన్ గ్రో ఏథెన్స్‌లోని ప్రాచీన ఆలయం పార్థినాన్ శిల్పాలను డాగెరోటైప్ అనే తొలినాటి ఫొటో పద్ధతిలో, నేరుగా లోహపు పలకపైనే తీశాడు. వెండి పూసిన ఆ రాగి పలకను భూతద్దంతో చూస్తే రాయి పెచ్చులూడిన అంచు కూడా విడిగా తెలుస్తుంది. ఆ సూక్ష్మతకు సాటి లేదు! కానీ పలక ఒక్కటే, నకలు రాదు. పైగా కెమెరాకు అద్దమో పట్టకమో జోడించకపోతే కుడి ఎడమలు తారుమారవుతాయి. గుర్రపు రౌతుల ఊరేగింపు చెక్కిన గోడకు అది చిన్న లోపం కాదు.

ఇంగ్లండ్‌కు చెందిన టాల్బట్ 1841లో పేటెంట్ పొందిన కాలోటైప్ అనే కాగితపు నెగెటివ్ పద్ధతిలో కాగితపు పీచు వల్ల గీతలు మెత్తబడతాయి. అయితే ఎన్ని ప్రతులైనా తీయవచ్చు.

శిల్పి పనితనం చూడాలంటే నా ఓటు పలకకే. పదిమందికీ చేరాలంటే కాగితమే దిక్కు. 1855 నుంచి పారిస్‌లో కొత్త లూవ్ర్ భవన శిల్పాలను చిత్రీకరించిన ఫొటోగ్రాఫర్ బాల్డస్‌కు గాజు నెగెటివ్‌లతో పదునూ దక్కింది, ప్రతులూ దక్కాయి.