విక్టోరియన్ ఇంటికి ఈపీసీ: సర్వే నుంచి సెకండరీ గ్లేజింగ్ దాకా ఏది కొనాలి, ఏది వద్దనాలి

ఇంగ్లండ్‌లో 1919కి ముందు కట్టిన ఇటుక ఇళ్లలో మనవాళ్లు చాలామందే ఉంటున్నారు. కొనేటప్పుడో అద్దెకిచ్చేటప్పుడో ఈపీసీ, అంటే ఇంటి ఎనర్జీ సర్టిఫికెట్, చేతికొస్తుంది. దానిమీద ‘ఏ’ (మంచిది) నుంచి ‘జీ’ (చెడ్డది) దాకా ఉండే గ్రేడుల్లో ‘ఈ’ అనో ‘ఎఫ్’ అనో ఉంటుంది. కింద సిఫార్సుల్లో గోడలకు ఇన్సులేషన్ వేయించండని, వేల పౌండ్ల ఖర్చని రాసి ఉంటుంది. ఆ సిఫార్సులు పాత ఇంటి తత్వం చూసి రాసినవి కావు, కంప్యూటర్ లెక్కలోంచి వచ్చినవి. అందుకే సర్వేనూ, దాని పేరు చెప్పి అమ్మే సామాన్లనూ రెండు ప్రశ్నలతో తూచాలి: రేటింగ్ పెరుగుతుందా? ఇల్లు పాడవకుండా వెచ్చబడుతుందా? ఒకదానికి అవునన్నది రెండోదానికి కాదనొచ్చు.

ముందు సర్వే సంగతి. చిన్న ఇంటికి సుమారు 60 నుంచి 120 పౌండ్లు తీసుకుంటారు, గంట లోపు పని, సర్టిఫికెట్ 10 ఏళ్లు చెల్లుతుంది. రేటింగ్ 1 నుంచి 100 దాకా పాయింట్లలో ఉంటుంది. 39 నుంచి 54 ‘ఈ’, 55 నుంచి 68 ‘డీ’, 69 నుంచి 80 ‘సీ’. ఈ పాయింట్లకు ఆధారం మీ గ్యాస్ బిల్లు కాదు. ఆ ఇంటిని మామూలు అలవాట్లున్న కుటుంబం వాడితే వెచ్చదనానికి, వేడినీళ్లకు, లైట్లకు చదరపు మీటరుకు ఎంత ఖర్చవుతుందన్న అంచనా. పొదుపుగా వాడే కుటుంబం ఉందని ఒక్క పాయింటు కూడా కలవదు.

సర్వేకి వచ్చే అసెసర్ గోడ తవ్వడు, నేల చెక్క లేపడు. కంటికి కనిపించనిదానికి కాగితం లేకపోతే, ఇల్లు ఏ కాలంలో కట్టిందో చూసి ఆ కాలపు సగటు లెక్క వేసేస్తాడు. రిపోర్టులో ఇన్సులేషన్ లేదు అన్న మాట పక్కన ‘అంచనా’ అని ఉంటే అదే అర్థం. పాత ఇళ్లకు పాయింట్లు ఎక్కువగా పోయేది ఇక్కడే. నేల కింద 100 మి.మీ. ఇన్సులేషన్ ఉన్ని వేయించి ఉండొచ్చు, ఏటవాలు కప్పు లోపల బోర్డులు బిగించి ఉండొచ్చు. రుజువు లేకపోతే అవి లెక్కలో లేనట్టే. ఏ పని చేయించినా మూసేయకముందే, పక్కన టేపు పెట్టి మందం కనబడేలా, ఏ గదో తెలిసేలా ఫొటో తీసిపెట్టుకోండి. ఇంటి అడ్రసు, బోర్డు రకం, మందం రాసిన ఇన్‌వాయిస్, కౌన్సిల్ బిల్డింగ్ కంట్రోల్ ఇచ్చిన పూర్తి సర్టిఫికెట్ ఒకే ఫైల్లో ఉంచి అసెసర్ రాగానే చేతిలో పెట్టండి. లాఫ్ట్ (కప్పు కింది అటక) మూత కింద పెట్టెలు పేర్చి ఉంచొద్దు. ఎక్కి చూడలేకపోతే అక్కడా అంచనాయే రాస్తారు. 2025 జూన్‌లో మారిన కొత్త పద్ధతిలో కిటికీలన్నీ విడివిడిగా కొలుస్తున్నారు కాబట్టి, ఏ కిటికీకి ఏం చేయించారో చెప్పగలిగితే ఇప్పుడు ఫలితం ఉంటుంది.

అసెసర్‌ని పిలిచే ముందు ఒకటే అడగండి: ఈపీసీల రిజిస్టర్‌లో ఎక్కించేలోపు డ్రాఫ్ట్ చూపిస్తారా? చూపిస్తామన్నవాళ్లకు పది పౌండ్లు ఎక్కువైనా ఇవ్వొచ్చు. కట్టిన కాలం, గోడ రకం, లాఫ్ట్ మందం, బాయిలర్ మోడల్, సిలిండర్ ఇన్సులేషన్, ఈ ఐదూ సరిచూసుకుంటే తప్పుల్లో చాలావరకు అక్కడే దొరికిపోతాయి.

చవకగా పాయింట్లు తెచ్చేవి కొన్ని ఉన్నాయి. వాటికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. వేడినీళ్ల సిలిండర్ బోసిగా ఉంటే 80 మి.మీ. జాకెట్ తొడగండి, సిలిండర్‌కు థర్మోస్టాట్ పెట్టించండి. పెట్టిన పౌండుకు ఇంత రాబడి ఇచ్చేది మరొకటి లేదు. బిగించి ఉన్న లైట్లన్నిటికీ ఎల్ఈడీ. బాయిలర్‌కు టైమరు, గదిలో థర్మోస్టాట్, రేడియేటర్లకు విడి వాల్వులు, మూడూ ఉండాలి. ఎవరూ వెలిగించని పాత గ్యాస్ ఫైర్ పొయ్యిగూట్లో బిగించి ఉంటే దాన్ని రెండో హీటర్‌గా లెక్కలో వేసి కొంత వేడిని దాని ఖాతాలో రాస్తారు. గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో (గ్యాస్ పనికి అర్హుల జాబితాలో) ఉన్న మనిషితో కనెక్షన్ మూయించి తీయించేయొచ్చు. లిస్టెడ్ ఇంట్లో, అంటే చారిత్రక కట్టడంగా రక్షిత జాబితాకెక్కిన ఇంట్లో, ఆ గూటి చుట్టూ ఉన్న రాతి చట్రాన్ని మాత్రం ముట్టుకోకండి.

ఇక కిటికీలు. పైకీ కిందికీ జరిగే చెక్క సాష్ కిటికీని పీకి ప్లాస్టిక్ డబుల్ గ్లేజింగ్ పెట్టిస్తామని వచ్చేవాళ్లను లిస్టెడ్ ఇంటి గుమ్మంలోనే ఆపేయాలి. లిస్టింగ్ ఇంటి ముఖానికి మాత్రమే కాదు, లోపలా బయటా మొత్తానికి వర్తిస్తుంది. 1990 చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఇంటి స్వరూపం మార్చడం నేరం. చర్య తీసుకోవడానికి కాలపరిమితి కూడా లేదు, ఇల్లు కొన్నవాళ్ల మెడకే అది చుట్టుకుంటుంది. అనుమతి దరఖాస్తుకు కౌన్సిల్ ఫీజు తీసుకోదు కాబట్టి, అడగకుండా చేయడానికి సాకూ లేదు.

సాష్ కిటికీకి మొదటి పని చలిగాలి చొరబాటు ఆపడం. రెండు సాష్‌ల, అంటే జరిగే అద్దపు చట్రాల, మధ్య నిలువునా సన్నటి చెక్క పట్టీ ఉంటుంది, లోపలివైపు అంచు పట్టీ మరొకటి. పాత పట్టీలు తీసి, గాడిలో బ్రష్ కుచ్చు దించిన పట్టీలు బిగించాలి. రెండు సాష్‌లు కలిసే అడ్డ కమ్మీకి, అడుగు కమ్మీకి కూడా బ్రష్ పడాలి. మంచి వడ్రంగి అదే చేత్తో తెగిన తాళ్లు మారుస్తాడు, రంగుతో అతుక్కుపోయిన పై సాష్‌ను విడిపిస్తాడు, ఎండి రాలిన పుట్టీ మళ్లీ పెడతాడు. ఆన్‌లైన్‌లో దొరికే అంటించే స్పాంజ్ టేపు ఇక్కడ పనికిరాదు. జరిగే చెక్క రాపిడికి నలిగి ఊడొస్తుంది. కిటికీల్లో, తలుపుల్లో ఎన్నిటికి గాలి అడ్డు ఉందో ఈపీసీలో నమోదవుతుంది కాబట్టి రేటింగ్‌కూ కొద్దిగా కలిసొస్తుంది. అంతకన్నా, సోఫాలో కూర్చుంటే మెడ వెనక తగిలే ఆ చలి ఆగిపోవడం అసలు లాభం.

ఆ తర్వాత సెకండరీ గ్లేజింగ్. మొత్తం బేరంలో లిస్టెడ్ ఇంటికి మేం మొదట చెప్పే కొనుగోలు ఇదే. పాత కిటికీ అలాగే ఉంటుంది, లోపలివైపు సన్నటి అల్యూమినియం లేదా చెక్క చట్రంలో మరో అద్దం వస్తుంది. కావాలంటే విప్పేయొచ్చు కాబట్టి పాత కట్టడాలను చూసే కౌన్సిల్ కన్జర్వేషన్ ఆఫీసర్లు సాధారణంగా ఒప్పుకుంటారు, అయినా ఆ మాట రాతపూర్వకంగా తీసుకోండి. ఒక్కో కిటికీకి కొన్ని వందల పౌండ్లు అవుతుంది. గాజు పనికి 20 శాతం వ్యాట్ ఉంటుంది. ఇన్సులేషన్, గాలి అడ్డు, హీటింగ్ కంట్రోళ్లు బిగించి ఇచ్చే పనికి 2027 మార్చి 31 దాకా వ్యాట్ సున్నా. కొటేషన్‌లో ఈ రెండూ కలిపేస్తే విడగొట్టి రాయమనండి.

ఆర్డర్ ఇచ్చేముందు చూసుకోవాల్సినవి ఉన్నాయి. చలి కోసమైతే రెండు అద్దాల మధ్య 20 మి.మీ. ఖాళీ చాలు, అంతకు పెంచితే వెచ్చదనంలో పెద్ద తేడా రాదు. రోడ్డు మోత తగ్గాలంటే మాత్రం 100 నుంచి 150 మి.మీ. కావాలి, అప్పుడు 6.4 మి.మీ. ల్యామినేటెడ్ అద్దం అడగండి. వేడిని వెనక్కి తిప్పే పూత ఉన్న అద్దానికి ఇచ్చే అదనపు డబ్బు దండగ కాదు. కానీ అది గట్టి పూత రకమే కావాలి, మెత్తటి పూత గాలి తగిలితే నిలవదు. పూత ఉన్న వైపు ఖాళీలోకి, అంటే బయటివైపు తిరిగి ఉండాలి. కొత్త చట్రపు అడ్డకమ్మీ పాత సాష్ కమ్మీతో ఒకే గీతలో రావాలి. లేకపోతే వీధిలోంచి కిటికీకి రెండు నడుములున్నట్టు కనిపిస్తుంది. లోపల చెక్క తలుపులు ముడిచే గూళ్లుంటే అవి మూసుకునేలా పలచటి చట్రం చెప్పండి. రాత్రి ఆ తలుపులు మూయడం కూడా మంచి ఇన్సులేషనే. పడకగదిలో నిప్పంటుకుంటే బయటపడాల్సిన కిటికీకి తెరుచుకునే రకమే పెట్టించాలి.

అద్దాల మధ్య నీటి బొట్లు పడుతున్నాయన్నదే దీనిమీద ఎక్కువగా వినిపించే ఫిర్యాదు. తప్పు వస్తువుది కాదు, బిగింపుది. లోపలి చట్రం గాలి చొరకుండా గట్టిగా ఉండాలి, బయటి సాష్‌కు మాత్రం కాస్త ఊపిరి ఉండాలి. దీన్ని తిరగేసి, బయటి సాష్ అంతా సిలికాన్‌తో మూసి లోపలిది వదులుగా బిగిస్తే, గదిలోని తేమ లోపలికి వెళ్లి చల్లటి అద్దం మీద నీరవుతుంది, కొన్నాళ్లకు కింది చెక్క కుళ్లుతుంది. సెకండరీ గ్లేజింగ్ పెట్టే కిటికీ బయటి సాష్‌కు గాలి అడ్డు తక్కువగా ఉంచమని వడ్రంగికి ముందే చెప్పాలి.

లాఫ్ట్ ఇన్సులేషన్ పాత ఇంటికైనా కొత్త ఇంటికైనా ఒకటే లెక్క: దూలాల మధ్య 100 మి.మీ., వాటిమీద అడ్డంగా 170, మొత్తం 270. చూరు దగ్గర 50 మి.మీ. ఖాళీ వదలకపోతే గాలి ఆడక కప్పు చెక్క చెమ్మెక్కుతుంది. సామాన్ల కోసం చెక్కలు పరిస్తే ఉన్ని నలిగి పనిచేయదు, కాళ్ల మీద ఎత్తిన పలకలు వేయించండి. కరెంటు వైర్లను ఉన్ని కింద పూడ్చొద్దు. మూతకూ ఇన్సులేషన్, చుట్టూ రబ్బరు పట్టీ కావాలి. గబ్బిలాలు కనిపిస్తే పని ఆపేయండి, వాటి గూడు కదిలించడం చట్టరీత్యా నేరం. కప్పు లోపల స్ప్రే ఫోమ్ కొట్టిస్తామన్నవాళ్లను మాత్రం నమ్మొద్దు. దూలాలు కనబడకుండా పోతాయి, చెమ్మ పట్టినా తెలియదు, చాలా బ్యాంకులు ఆ ఇంటికి లోను ఇవ్వడానికి వెనకాడతాయి.

గోడల దగ్గరే పెద్ద డబ్బు, పెద్ద ప్రమాదం. ఈ ఇళ్ల గోడ సుమారు 225 మి.మీ. గట్టి ఇటుక, మధ్యలో ఖాళీ ఉండదు. కాబట్టి క్యావిటీ ఇన్సులేషన్ అనే మాటే రాకూడదు. సున్నపు గారతో కట్టిన ఈ గోడ వానకు తడుస్తుంది, ఆరుతుంది. ఆరనివ్వకపోతేనే చిక్కు. లోపలివైపు రేకు అంటించిన ఫోమ్ బోర్డు బిగిస్తే ఇటుక చల్లబడుతుంది, లోపలికి ఆరే దారి మూసుకుపోతుంది, గోడలోకి చొప్పించిన నేల దూలాల కొనలు ఏళ్ల తరబడి తడిలో ఉంటాయి. వాసన వచ్చేసరికి చెక్క పోయి ఉంటుంది. తప్పనిసరైతే చెక్కపీచు బోర్డు మీద సున్నపు గార వేయించండి. గోడ నునుపుగా లేకపోతే ముందు సున్నంతో చదును చేసి, వెనక ఖాళీ లేకుండా అతికించాలి.

మందం విషయంలో అత్యాశ వద్దు. ఈపీసీ ఈ గోడకు వేసే యూ-విలువ (గోడలోంచి వేడి పోయే వేగం, తక్కువైతే మంచిది) 1.7 అనుకుంటే, మామూలు చెక్కపీచు బోర్డు 20 మి.మీ. వేస్తే 0.9 చిల్లరకు, 40 వేస్తే 0.63కు, 60 వేస్తే 0.48కి దిగుతుంది. మొదటి 20లోనే సగానికి దగ్గరగా తగ్గిపోయింది చూడండి, మూడో 20 తెచ్చేది అందులో ఐదో వంతు కూడా లేదు. మందం పెరిగే కొద్దీ ఇటుకకు అందే వెచ్చదనం తగ్గి తడి ప్రమాదం పెరుగుతుంది. 40 దగ్గర ఆగడం తెలివైన పని. కిటికీ పక్క చెంపలకు సన్నటి కార్క్ అయినా వేయకపోతే అక్కడే నల్లటి బూజు కడుతుంది. కప్పు అంచుల్లో గార పూలతీగ లాంటి అలంకారం ఉన్న గదిలో ఈ పని అసలు మొదలుపెట్టొద్దు, లిస్టెడ్ ఇంట్లో అనుమతీ రాదు. వీటన్నిటికన్నా ముందు కారే గట్టర్ బాగుచేయించి, ఇటుకల మధ్య పూసిన సిమెంటు తీసి సున్నం పెట్టించండి. తడి ఇటుక పొడి ఇటుక కన్నా వేగంగా వేడిని వదిలేస్తుంది.

గాలి చొరబాట్లు మూసిన ఇంట్లో తేమకు వేరే దారి చూపించాలి. రోజూ అన్నం, పప్పు ఉడికే, రేడియేటర్ల మీద బట్టలారే మన ఇళ్లలో ఇది మరీ ముఖ్యం. పొయ్యి మీద చిమ్నీ అయితే సెకనుకు 30 లీటర్లు, పక్కన గోడకు ఫ్యాన్ అయితే 60, స్నానాల గదికి 15 లీటర్లు బయటికి లాగాలి. ఫిల్టర్‌లోంచి తిప్పి గదిలోకే వదిలే చిమ్నీ ఆవిరిని తీయదు. నేల కింద గాలాడే ఇటుక రంధ్రాలను చలి అని మూయొద్దు, చెక్క నేలకు అవే ప్రాణం.

బయటి గాలిలోంచో నేలలోంచో వేడి లాగి ఇంటికిచ్చే హీట్ పంపుకు ప్రభుత్వం బాయిలర్ అప్‌గ్రేడ్ స్కీమ్ కింద 7,500 పౌండ్లు ఇస్తోంది. వస్తువు మంచిదే, కానీ రేటింగ్ ఖర్చు మీద ఆధారపడింది, కరెంటు యూనిట్ గ్యాస్ కన్నా ఎన్నో రెట్లు ఖరీదు. అందుకే గ్యాస్ ఇంట్లో పాయింట్లు ఆశించినంత పెరగవు. ఆయిల్ బాయిలర్, పాత కరెంటు హీటర్లు ఉన్న ఇంట్లో గట్టిగా పెరుగుతాయి. లిస్టెడ్ ఇంటి ఆవరణలో దాన్ని పెట్టడానికి ప్లానింగ్ అనుమతి కావాలి, గోడకు పైపు బెజ్జం వేయడానికి లిస్టెడ్ అనుమతి వేరు.

అద్దెకిచ్చేవాళ్లకు ఒక మాట. లిస్టెడ్ ఇంటికి ఈపీసీ అక్కర్లేదన్నది సగం నిజం. నిబంధనలు పాటిస్తే ఇంటి స్వరూపం అంగీకరించలేనంత మారిపోయే మేరకే మినహాయింపు. సిలిండర్ జాకెట్‌తో, లాఫ్ట్ ఉన్నితో ‘ఈ’కి చేరగల ఇల్లు ఆ మినహాయింపు వెనక దాక్కోలేదు. ‘ఎఫ్’, ‘జీ’ ఇళ్లను 2020 ఏప్రిల్ నుంచి అద్దెకు నడపకూడదు, జరిమానా ఇంటికి 5,000 పౌండ్ల దాకా ఉంది. చేయాల్సిన పనికి కౌన్సిల్ అనుమతి నిరాకరిస్తే ఆ ఉత్తరం జతచేసి మినహాయింపుల రిజిస్టర్‌లో నమోదు చేయండి, ఐదేళ్లు చెల్లుతుంది. లిస్టెడ్ అనుమతి దరఖాస్తుకు సాధారణంగా ఎనిమిది వారాలు పడుతుంది, అద్దెదారు ఖాళీ చేస్తారని తెలిసిన రోజే పంపండి.