నికాన్ డి5300తో తొమ్మిదేళ్ళు: బాడీ కన్నా ముందు లెన్సు గురించి

2015లో నికాన్ డి5300 అనే డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా (లోపల అద్దం ఉండి, లెన్సులు మార్చుకోగలిగే రకం) కొనేటప్పుడు దుకాణంలో నేను అడిగిన ప్రశ్నల్లో సగానికి పైగా మెగాపిక్సెళ్ళ గురించే. ఏ వస్తువును, ఏ వెలుతురులో, ఎంత దూరం నుంచి తీయబోతున్నాననే ప్రశ్న అప్పుడు నాకు తోచలేదు. తొమ్మిదేళ్ళు వాడిన తరువాత, కెమెరా ఎంపికలో మొదట తేల్చుకోవలసింది అదేనని గట్టిగా నమ్ముతున్నాను.

బాడీ (లెన్సు కాని మిగతా కెమెరా) విషయంలో నాకు అసంతృప్తి లేదు. దీని 24.2 మెగాపిక్సెళ్ళ సెన్సర్ (వెలుతురును పట్టే చిప్పు) కొలత 23.5 × 15.6 మిల్లీమీటర్లు, అంటే 1/2.3 అంగుళాల సెన్సర్ ఉండే చిన్న జేబు కెమెరాలతో పోలిస్తే వైశాల్యంలో సుమారు పదమూడు రెట్లు. నీడలోని వివరాలు నిలవడానికి ఈ వైశాల్యమే ప్రధాన కారణం. బ్యాటరీ లేకుండా బరువు 480 గ్రాములే కనుక పొద్దంతా మెడలో వేసుకుని తిరిగినా ఇబ్బంది అనిపించదు. పక్కకు తెరుచుకుని తిరిగే తెర సంక్రాంతి ముగ్గులను పైనుంచి తీయడానికి ఎంతో ఉపయోగపడింది. తెర మీద చూస్తూ తీసేటప్పుడు ఫోకస్ నెమ్మదిగా కుదురుతుంది కాబట్టి, కదిలేవాటికి మాత్రం కంటికి ఆనించి చూసే వ్యూఫైండర్‌నే నమ్ముకోవాలి.

అసలు పాఠం లెన్సుల దగ్గర నేర్చుకున్నాను. బాడీతో వచ్చిన 18-55 మిల్లీమీటర్ల జూమ్ లెన్సు (ఈ అంకె పెరిగే కొద్దీ దూరపువి దగ్గరగా కనిపిస్తాయి) పగటి వెలుతురులో చక్కగా పని చేసింది గానీ, ఒక రాత్రి ముహూర్తం పెళ్ళిలో 55 మిల్లీమీటర్ల దగ్గర ఎఫ్/5.6 కన్నా ఎక్కువ తెరుచుకోలేక (ఎఫ్ అంకె చిన్నదైతే లెన్సు ఎక్కువ తెరుచుకుంటుంది), ఐఎస్‌ఓను, అంటే వెలుతురుకు సెన్సర్ సున్నితత్వాన్ని, 6400కు పెంచక తప్పని స్థితి తెచ్చింది. పట్టుచీర జరీ అంతా గరుకు చుక్కల్లో కలిసిపోయింది. ఆ తరువాత 35 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్సు కొన్నాను. ఎఫ్/5.6తో పోలిస్తే అది దాదాపు పది రెట్ల వెలుతురును లోనికి రానిస్తుంది, కాబట్టి అలాంటి మండపంలోనే ఐఎస్‌ఓ 800తో పని జరిగిపోతుంది. ఆ డబ్బుతో బాడీని మార్చి ఉంటే ఇంత తేడా కనిపించేది కాదు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుల్లోని చెట్ల మీద చలికాలంలో గూళ్ళు కట్టే గూడబాతులకు, కొంగలకు ఈ లెన్సు ఏమాత్రం సరిపోదు. వాటికోసం 70-300 మిల్లీమీటర్ల లెన్సు తీసుకున్నాను. ఈ సెన్సర్ మీద 300 మిల్లీమీటర్ల లెన్సు, ఇంతకన్నా పెద్దదైన ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ మీద 450 మిల్లీమీటర్ల లెన్సు చూపేంత దృశ్యాన్ని చూపుతుంది.

మధ్యలో ఒక పొరపాటు చేశాను. తక్కువ ధరకు వచ్చిందని పాత 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8డి లెన్సు కొన్నాను. డి5300 బాడీలో ఫోకస్ మోటారు ఉండదు, ఆ లెన్సులోనూ ఉండదు. వెలుతురు కొలత పని చేసింది గానీ ఫోకస్ మాత్రం ప్రతిసారీ చేత్తో తిప్పుకోవలసి వచ్చింది. నికాన్ ఎఫ్ మౌంట్ (లెన్సును బాడీకి బిగించే అమరిక) 1959 నుంచి ఉన్నది కనుక మార్కెట్లో పాత లెన్సులు చాలానే దొరుకుతాయి, కానీ ఈ తరహా బాడీకి ఆటోఫోకస్ కావాలంటే లెన్సులోనే మోటారు ఉందని తెలిపే ‘ఏఎఫ్-ఎస్’ దాని పేరులో ఉందో లేదో ముందే చూసుకోవాలి.

మన కోస్తా తేమను కూడా ఖర్చు లెక్కలో వేసుకోవాలి. ఒక వానాకాలమంతా సంచిలోనే ఉండిపోయిన లెన్సులో బూజు పట్టింది. అప్పటి నుంచి గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో పాటు చిన్న తేమమాపకం పెట్టి, అది 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూస్తున్నాను.

ఈ రోజు కొత్తగా కొనేవారు అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల వైపు వెళ్ళడమే సబబు, ఎందుకంటే కొత్త లెన్సులు దాదాపు అన్నీ అటువైపే వస్తున్నాయి. నా ఏఎఫ్-ఎస్ లెన్సులు కూడా ఎఫ్‌టీజెడ్ అడాప్టరుతో నికాన్ మిర్రర్‌లెస్ రకమైన జెడ్ బాడీల మీద ఆటోఫోకస్‌తో పని చేస్తాయి. డబ్బు పరిమితంగా ఉంటే వాడిన డీఎస్‌ఎల్‌ఆర్ ఇప్పటికీ మంచి బేరమే. అయితే సొంత మెమరీ కార్డు తీసుకెళ్ళి, ఎఫ్/16 దగ్గర తెల్లని గోడను ఫోటో తీసి సెన్సర్ మీద మచ్చలు ఉన్నాయేమో చూడాలి. ఆపైన లెన్సును విప్పి, వెనుకనుంచి టార్చి వేసి పరీక్షించాలి. లోపల బూజుకు గుర్తైన సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే, ధర ఎంత తగ్గించినా ఆ లెన్సును నేను తీసుకోను.